ఉప్పలపాడు పక్షులు, ప్రైమరీ పిల్లలు, రెండు గంటలు

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ప్రైమరీ బడుల్లో విహారం మాట ఎత్తగానే స్టాఫ్ రూములో ఒకటే జాబితా వస్తుంది. ఉండవల్లి గుహలు, ప్రకాశం బ్యారేజీ, భవానీ ద్వీపం, వీలైతే కొండపల్లి, పొద్దు మిగిలితే దుర్గమ్మ గుడి. ఒక్క రోజులో ఐదు చోట్లు. మర్నాడు ఏం చూశారని అడిగితే పిల్లలు బస్సులో పాడిన పాటలూ తిన్న ఐస్‌క్రీమూ చెప్తారు. పిల్లల తప్పేం లేదు, దిగిన చోటల్లా వాళ్లకు దొరికింది పదిహేను నిమిషాలే.

మూడు నుంచి ఐదు తరగతుల వాళ్లకు ఒక చోటు, ఒక ప్రశ్న, రెండు గంటలు చాలు. ఆ కొలతకు మన దగ్గర ఉప్పలపాడును మించింది లేదు. పెదకాకాని మండలం, గుంటూరు నుంచి సుమారు 8 కిలోమీటర్లు. ఊళ్లోని చెరువు మధ్య తుమ్మచెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు (పెయింటెడ్ స్టార్క్), నత్తకొంగలు (ఓపెన్‌బిల్), కంకణాలు (ఐబిస్), నీటికాకులు గుంపులుగా ఉంటాయి. గట్టు మీద నిలబడితే గూళ్లు మామూలు కళ్లకే కనిపిస్తాయి. ఇంత దగ్గరగా గూడూ పిల్లా కనిపించే చోటు ప్రైమరీ పిల్లలకు మళ్లీ దొరకడం కష్టం.

అడగాల్సిన ప్రశ్న: ఈ పక్షి ఎక్కడ పుట్టింది?

దీనికి పెద్దవాళ్లలో చాలామంది తడుముకోకుండా "సైబీరియా" అంటారు. ఉప్పలపాడు అనగానే సైబీరియా పక్షులు అనడం అలవాటైపోయింది. గూడబాతు, ఎర్రకాళ్ల కొంగ, నత్తకొంగ మూడూ దక్షిణాసియా పక్షులే. నీళ్లూ చేపలూ ఎక్కడుంటే అక్కడికి వందల కిలోమీటర్లు తిరుగుతాయి కానీ గుడ్లు పెట్టి పిల్లల్ని లేపేది మన దేశంలోనే. చలికాలానికి నిజంగా దూరదేశం నుంచి వచ్చేవి వేరే ఉన్నాయి. గులాబీ గోరువంకలు తూర్పు ఐరోపా, మధ్య ఆసియా నుంచి వస్తాయి, కొన్ని రకాల బాతులు కూడా ఉత్తరాది నుంచి దిగుతాయి. అవి ఇక్కడ తిని, తిరిగి, ఎండలు ముదిరే వేళకు వెళ్లిపోతాయి, గూడు మాత్రం కట్టవు. కాబట్టి ఐదో తరగతి పిల్ల కూడా సొంతంగా తేల్చగలిగిన సూత్రం ఒకటుంది: గూట్లో పిల్ల కనిపిస్తే ఆ పక్షి ఇక్కడిదే. ఈ ఒక్క మాట పిల్లలు తమ కళ్లతో చూసి పట్టుకుంటే విహారం ఖర్చు గిట్టినట్టే.

వెళ్లే నెల విషయం. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా గూళ్లలో సందడి బాగుంటుంది. పరీక్షలు, సంక్రాంతి సెలవులు తీసేస్తే చేతిలో మిగిలేవి డిసెంబరు మొదటి రెండు వారాలు, జనవరి చివరి వారం. శనివారం ఎలాగూ నో బ్యాగ్ డే, పుస్తకాల సంచి తేనక్కర్లేని రోజు కనుక ఆ రోజు సుఖం. డిసెంబరులో పొగమంచు ఎనిమిది దాకా వదలదు. ఏడింటికే చేరుకుంటే తెల్లటి తెర తప్ప ఏమీ కనపడదు. గుంటూరు నుంచైతే ఎనిమిదికి, విజయవాడ నుంచైతే ఇంకా ముందే బయల్దేరి, ఎనిమిదిన్నరకు దిగి, పదిన్నరకు మళ్లీ బస్సెక్కాలి. పదకొండు దాటితే ఎండ నీళ్ల మీద పడి కళ్లు చెదురుతాయి, పిల్లలకు ఆకలి మొదలవుతుంది, అక్కడితో పాఠం ముగిసినట్టే.

ఈ వేళల్లో ఇంకో సౌకర్యం ఉంది. పదకొండున్నరకల్లా బడికి చేరతారు కనుక మధ్యాహ్న భోజనం మామూలుగానే వండించవచ్చు. పొట్లాలు కట్టించడం, పులిహోర పాడవడం, చెరువు గట్టున ప్లాస్టిక్ కవర్లు ఎగరడం, ఏ బాధా ఉండదు. వంట చేసే అమ్మలకు ముందు రోజే చెప్పి అరగంట ఆలస్యంగా వడ్డించమంటే చాలు. బస్సులోకి తలా ఒక అరటిపండు, ఒక చిక్కీ. చిప్స్ ప్యాకెట్లు వద్దని తల్లిదండ్రులకు రాసే కాగితంలోనే రాయండి. నీళ్లు తలా అర లీటరు సీసా, అవి కాక నలభై మందికి 20 లీటర్ల క్యాను ఒకటి.

ఆ కాగితంలో ఇంకా ఉండాల్సినవి: బయల్దేరే వేళ, తిరిగొచ్చే వేళ, వెంట వెళ్లే ఇద్దరు టీచర్ల ఫోన్ నంబర్లు, పిల్లకు ఆయాసం, మూర్ఛ, బస్సులో వాంతులు లాంటివి ఉంటే రాయడానికి ఖాళీ గీత, కింద సంతకం. ఆయాసం ఉన్న పిల్లల ఇన్‌హేలర్ టీచరు సంచిలో ఉండాలి, బస్సులో మిగిలిపోయే స్కూలు సంచిలో కాదు. ఎంఈఓ (మండల విద్యాధికారి) గారికి రాతపూర్వకంగా తెలపడం, అక్కడి అటవీ శాఖ సిబ్బందికి ముందే కబురు చేయడం మామూలు పనులే, వారం ముందే ముగించుకోండి.

ముందు రోజు ఒక టీచరు బండి మీద వెళ్లి చూసి రావాలి. ఇది దాటేయదగ్గ పని కాదు. పెద్ద బస్సు ఎంతదాకా వెళ్తుంది, ఎక్కడ తిప్పుకుంటుంది, మరుగుదొడ్డి తెరిచి ఉందా, గట్టు మీద కంచె ఎక్కడ లేదు, ఏ వైపు చెట్ల మీద గూళ్లు ఎక్కువ, పొద్దున్న ఎండ ఎటు నుంచి పడుతుంది. చివరి రెండూ ముఖ్యం. సూర్యుడు వీపు వైపు ఉండేలా నిలబెట్టకపోతే పక్షులన్నీ నల్లటి బొమ్మల్లా కనపడతాయి, ముక్కు రంగు, కాళ్ల రంగు ఒక్కరూ రాయలేరు.

విజయవాడ నుంచి వచ్చే బస్సుల్లో "పెదకాకాని శివాలయం దారిలోనే కదా, ఐదు నిమిషాలు" అనే మాట తప్పక వస్తుంది. నలభై మంది పిల్లలు చెప్పులు విప్పి, దండం పెట్టి, మళ్లీ ఎవరి చెప్పులు వాళ్లు వెతుక్కోవడానికి ముప్పావు గంట. స్వామి ఏమీ అనుకోడు, వెళ్లిపోండి.

ఒకటి, రెండు తరగతుల్ని తీసుకెళ్లొద్దు. చెరువు గట్టు, లోతు నీళ్లు, అయిదారేళ్ల పిల్లలు మూడూ ఒకచోట పనికిరావు. వాళ్లకు బడి ఆవరణలోనే పదిహేను నిమిషాల లెక్క పెట్టించండి. కాకి, గోరువంక, పావురం, తేనెపిట్ట, అదృష్టం బాగుంటే జెముడుకాకి. పెద్ద పిల్లలకు పదిమందికి ఒక పెద్ద మనిషి. ఐదుగురికొక జట్టు, జట్టులో ఎవరి జోడీ వారికి. ఐదో పిల్లను ఒంటరిగా వదలకుండా ఒక జోడీతో కలిపి ముగ్గుర్ని చేయండి. మెడలో వేసే కార్డు మీద జట్టు నంబరు, బడి ఫోను ఉంటే చాలు, పిల్ల పేరు పైకి కనిపించేలా రాయొద్దు. కొత్తవాళ్లు పేరు పెట్టి పిలిస్తే పిల్లలు నమ్మి వెళ్తారు. బస్సెక్కాక, దిగాక, గట్టు మీదికి చేరాక, మళ్లీ ఎక్కాక, నాలుగుసార్లు నంబర్లు పిలవాలి. టీచరు తలలు లెక్కపెడితే కదిలే పిల్లల్ని రెండుసార్లు లెక్కేస్తారు. పిల్లలే ఒకటి, రెండు, మూడు అని వరసగా పలికితే తప్పిపోయిన నంబరు దగ్గర పిలుపు దానంతటదే ఆగుతుంది. గట్టు మీద నీళ్ల వైపు ఎప్పుడూ పెద్దవాళ్లే నిలబడాలి.

అసలు పని అంతకు ముందు వారం తరగతి గదిలో జరుగుతుంది.

మొదటి రోజు కొలత. దినపత్రిక పెద్ద కాగితాలు మూడు విప్పి పక్కపక్కన అంటిస్తే సుమారు రెండు మీటర్లు వస్తుంది. గూడబాతు రెక్కలు చాస్తే దానికన్నా ఎక్కువే. కాగితాన్ని నేల మీద పరిచి నాలుగో తరగతి పిల్లను పక్కన చేతులు బార్లా చాపి పడుకోమనండి. పిల్ల చాపు మీటరూ పాతిక, మహా అయితే మీటరున్నర. పక్షి గెలిచిందని వాళ్లకే అర్థమవుతుంది. గోడ మీద సుద్దతో మీటరు గీత గీస్తే అది ఎర్రకాళ్ల కొంగ ఎత్తు. అర మీటరు గీత నీటికాకి పొడవు. ఈ గీతలు చూడని పిల్లలు చెరువు దగ్గర దూరపు పక్షిని చూసి "చిన్నదే" అని రాసేస్తారు.

రెండో రోజు ముక్కులు. ఎర్రకాళ్ల కొంగ చేపను చూసి పట్టదు. ముక్కు సగం తెరిచి నీళ్లలో పెట్టి అటూ ఇటూ ఆడిస్తుంది, చేప తగలగానే టక్కున మూస్తుంది. దీన్ని చేయించడానికి పది లీటర్ల టబ్బు, సగం నీళ్లు, రెండు గుప్పిళ్ల ఎర్రమట్టి, 20 చింతపిక్కలు, వంటింటి పటకారు చాలు. మట్టి కలిపిన నీళ్లలో కళ్లు మూసుకుని 30 సెకన్లలో ఎన్ని పిక్కలు తీశారో రాయాలి. తర్వాత తేట నీళ్లలో కళ్లు తెరిచి ఇంకో 30 సెకన్లు. పిక్కలు నునుపుగా ఉండి జారిపోతుంటాయి, పటకారు కొసలకు రబ్బరు బ్యాండు చుడితే పట్టు దొరుకుతుంది. మట్టి తక్కువైతే పిల్లలు ఓరకంట చూసేస్తారు, మరీ ఎక్కువైతే నీళ్లు బురదై పిక్క కూరుకుపోతుంది. ఇదే టబ్బులో పెద్ద గరిటెతో ఒక్కసారి ముంచి తీయిస్తే గూడబాతు సంచి పని తెలుస్తుంది: నీళ్లూ చేపా కలిసి వస్తాయి, నీళ్లు వంపేయాలి. నత్తకొంగ ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది. నత్తల్ని తినే పక్షి అది. పిల్లగా ఉన్నప్పుడు ఆ సందు ఉండదు, పెరిగేకొద్దీ వస్తుందని చెబితే ఆ రోజంతా పిల్లలు దాని గురించే మాట్లాడుకుంటారు.

మూడో రోజు లెక్క. చార్టు మీద ఒక గుప్పెడు కందిపప్పు చల్లండి. ఎన్ని ఉంటాయో ముందు ఊహించి రాయాలి. తర్వాత పది బద్దల్ని లెక్కపెట్టి చుట్టూ దారం వేసి, అలాంటి గుంపులు ఎన్ని పడతాయో చూసి మళ్లీ రాయాలి. చివరికి ఒక్కొక్కటి లెక్కించాలి. మొదటి ఊహ దాదాపు ఎప్పుడూ తక్కువే వస్తుంది, రెండోది దగ్గరికొస్తుంది. నాలుగైదుసార్లు చేస్తే చాలు. ఇది చేయించకపోతే చెరువు దగ్గర సగం కాగితాల్లో ఒకటే మాట ఉంటుంది: "చాలా."

నాలుగో రోజు నిశ్శబ్దం. టీచరు చెయ్యెత్తితే అందరూ చెయ్యెత్తి నోరు మూయాలి, ఐదు సెకన్లలో. ఎందుకో కూడా చెప్పండి. తల్లిపక్షి బెదిరి లేచిందంటే కాకి గుడ్డెత్తుకుపోతుంది, ఎండలో పిల్ల మాడుతుంది. కారణం తెలిసిన పిల్లలు అరిచే వాళ్ల నోళ్లు వాళ్లే మూయిస్తారు.

చేతికిచ్చే కాగితం సగం ఏ4. నాలుగు పక్షుల బొమ్మలు, ఒక్కోదానికి ఐదు గళ్లు: ముక్కు రంగు, కాళ్ల రంగు, ఏం చేస్తోంది, గూడు ఉందా, ఎన్ని. పాత క్యాలెండరు అట్టకు క్లిప్పు పెట్టి, పెన్సిల్‌ను దారంతో కట్టండి. పెన్ను వద్దు, మంచు చెమ్మకు అక్షరం పాకుతుంది. బైనాక్యులర్లు 8x40 రకం పదిమందికి ఒకటి ఉంటేనే తీసుకెళ్లండి, పట్టీ మెడలో ఉండాలి, ఒక్కొక్కరికి ఒక్క నిమిషం, సూర్యుడి వైపు తిప్పకూడదు. నలభై మందికి రెండే ఉంటే కొట్లాట తప్ప ఏమీ మిగలదు. అంతకన్నా చార్టు చుట్టిన గొట్టం నయం. పెద్దగా చేసి చూపించదు కానీ చూపును ఒకచోట నిలుపుతుంది, ఈ వయసు వాళ్లకు అదే కావాలి.

దిగగానే ముక్కులు మూసుకుంటారు. రెట్టల వాసన ఘాటుగానే ఉంటుంది, గాలి ఇటు తిరిగితే ఒకరిద్దరు కక్కుకుంటారు. తలా ఒక చేతిరుమాలు, టోపీ ఉండాలి. చెట్ల కింద నిలబెట్టకూడదు, ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు. మొదటి పది నిమిషాలు ఏమీ రాయించొద్దు, చూడనివ్వండి. తర్వాత జట్టుకొక చెట్టు పంచండి. "పక్షులన్నీ లెక్కపెట్టండి" అంటే రెండు జట్లు ఒకే చెట్టును లెక్కిస్తాయి. ఐదు నిమిషాలు ఒకసారి, కాసేపాగి ఇంకో ఐదు నిమిషాలు. రెండు లెక్కలూ రాయాలి, ఐదో తరగతి వాళ్లు సగటు తీస్తారు.

ఒక కేక మాత్రం ఎంత నేర్పినా ఆగదు. "టీచర్, తల్లి పిల్లను మింగేస్తోంది!" గూడబాతు పిల్ల తల్లి నోటి సంచిలోకి తల మొత్తం దూర్చి చేప తింటుంది. ఆ కేకకు కోప్పడొద్దు, జట్టునంతా అటు తిప్పండి, వచ్చిన పని అదే. ఎర్రకాళ్ల కొంగల్లో బూడిదరంగువి కనిపిస్తే వేరే జాతి అని రాస్తారు. అవి ఈ ఏటి పిల్లలు, గులాబీ రంగు ఇంకా రాలేదు. రొద చేసేవీ పిల్లలే, పెద్ద కొంగలు గొంతు ఎత్తవు, ముక్కు టకటకలాడిస్తాయంతే. ఎండ ఎక్కాక పెద్ద పక్షి రెక్కలు విప్పి గూటి మీద నిలబడితే అది ఎగరబోవడం కాదు, పిల్లలకు నీడ పట్టడం.

తిరిగొచ్చాక సోమవారం కల్లా పట్టీ గ్రాఫు గీయించాలి, వారం దాటితే ఎవరికీ గుర్తుండదు. లెక్కల్లో సున్నా వచ్చిన గళ్లను చెరిపేయొద్దు. బహుమతి ఇవ్వాలనుకుంటే ఎక్కువ పక్షులు రాసిన వాళ్లకు కాదు, "గూడు కనపడలేదు" అని ఉన్నదున్నట్టు రాసిన వాళ్లకు ఇవ్వండి. ఎక్కువకు బహుమతి పెడితే మరుసటి ఏడు అంకెలన్నీ పెరుగుతాయి, పక్షులు పెరగవు. తల్లిదండ్రుల సమావేశంలో గ్రాఫు పక్కన పిల్లల్నే నిలబెట్టి చెప్పించండి. తల్లుల్లో ఒకరైనా సైబీరియా అంటారు, జవాబు మీ పిల్లలే చెప్తారు.

ఫిబ్రవరిలో నాలుగు రోజులు గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ జరుగుతుంది, ప్రపంచమంతా మామూలు జనం తమ చుట్టూ ఉన్న పక్షుల్ని లెక్కపెట్టే కార్యక్రమం అది. కనీసం పదిహేను నిమిషాలు ఒకచోట లెక్కపెట్టి ఈబర్డ్ అనే పక్షుల లెక్కల వెబ్‌సైటులో నమోదు చేస్తే చాలు, రుసుము లేదు. టీచరు పేరున ఖాతా తెరిచి బడి ఆవరణ లెక్కను ఎక్కించవచ్చు. ఉప్పలపాడుకు రాని ఒకటి, రెండు తరగతులు కాకుల్నీ గోరువంకల్నీ లెక్కపెట్టిన కాగితాలు ఇక్కడ పనికొస్తాయి.