బీటాలో టచ్‌ప్యాడ్ మొరాయించినప్పుడు: నా అనుభవం

నాకు కోడ్ రాయడం రాదు. అయినా నేను రోజూ వాడే లినక్స్ డిస్ట్రో (లినక్స్ ఆధారిత ఆపరేటింగ్ సిస్టమ్) కొత్త వెర్షన్ బీటా, అంటే పరీక్ష కోసం ముందుగా ఇచ్చే కాపీ, రాగానే దించుకున్నాను. అసలు విడుదలకు ఇంకా కొన్ని వారాలుంది. లోపం ఏదైనా ఉంటే ఇప్పుడు చెబితేనే సరిచేసే వీలుంటుంది.

ఇన్‌స్టాల్ చేయడానికి వాడే ఐఎస్‌ఓ ఫైల్ సరిగ్గా దిగిందో లేదో చెక్‌సమ్‌తో సరిచూసుకుని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను. ముఖ్యమైన ఫైళ్లేవీ లేని పాత ల్యాప్‌టాప్‌ని దీనికోసం పక్కన పెట్టాను. బీటాని పని చేసుకునే మెషీన్‌లో వేయకూడదని గట్టిగా నమ్ముతాను. లైవ్ సెషన్‌లో (ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిపినప్పుడు) వైఫై, సౌండ్, బ్లూటూత్ అన్నీ బాగున్నాయి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డిస్క్ మొత్తం చెరిపేసే ఆప్షన్ తీసుకోలేదు. దాన్ని ఎలాగూ అందరూ పరీక్షిస్తారు. అందుకే డిస్క్‌లో పార్టిషన్లు (భాగాలు) నేనే చేసుకుని, సొంత ఫైళ్లుండే హోమ్‌ని విడిగా పెట్టాను. ఇన్‌స్టాలర్ ఎక్కడా ఆగలేదు.

తేడా తర్వాత కనబడింది. ల్యాప్‌టాప్ మూత మూసి, కాసేపయ్యాక తెరిస్తే కర్సర్ కదలడం లేదు. కీబోర్డ్ పనిచేస్తోంది, టచ్‌ప్యాడ్ మాత్రం ఉలకదు పలకదు. రీస్టార్ట్ చేస్తే మామూలైపోతుంది. ‘పాత ల్యాప్‌టాప్ కదా’ అని వదిలేయడం తేలికే. కానీ 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ యుటిల్స్ అనే కంప్రెషన్ టూల్‌లో దొంగచాటుగా పెట్టిన బ్యాక్‌డోర్ (రహస్య దారి) ఎలా బయటపడిందో నాకు గుర్తుంది. డెబియన్ అనే డిస్ట్రో అభివృద్ధి దశలోని వెర్షన్ మీద పనిచేస్తున్న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే డెవలపర్, ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి కంప్యూటర్‌లోకి వెళ్లే పద్ధతి) లాగిన్‌కి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని తవ్వుకుంటూ వెళ్ళి దాన్ని పట్టుకున్నాడు. ఆ దెబ్బకి మరో డిస్ట్రో ఉబుంటు 24.04 బీటానే వారం వెనక్కి జరిగింది. నాది అంత పెద్ద విషయమేం కాదు, కానీ కారణం తెలియకుండా వదలాలనిపించలేదు.

ముందు మూత సంగతి తేల్చాలి. మూత తెరిచే ఉంచి, మెనూలోంచి సస్పెండ్ చేశాను (నిద్రపుచ్చాను). లేచాక అదే సమస్య. అంటే మూతతో సంబంధం లేదు. లైవ్ సెషన్‌లోనూ అంతే, కాబట్టి నా పార్టిషన్ల వల్లా కాదు. ఆఖరికి పాత విడుదల పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి సస్పెండ్ చేసి లేపితే, టచ్‌ప్యాడ్ చక్కగా పనిచేసింది! మొత్తం పరీక్షలో నాకు బాగా ఉత్సాహం వచ్చింది ఇక్కడే. హార్డ్‌వేర్ బాగానే ఉంది, కొత్త వెర్షన్‌లోనే ఏదో మారింది. సిస్టమ్ లాగ్‌లో (జరిగినవి నమోదయ్యే చిట్టాలో) సస్పెండ్ నుంచి లేచిన సమయం దగ్గర చూస్తే టచ్‌ప్యాడ్‌ని నడిపే డ్రైవర్ పేరుతో ఎర్రర్ ఉంది.

ఎవరైనా ఇదివరకే రాశారేమోనని వెతికి, లేదని తేలాక బగ్ రిపోర్ట్ పెట్టాను. ‘టచ్‌ప్యాడ్ పనిచేయడం లేదు’ అని రాస్తే డెవలపర్‌కి ఏం తెలుస్తుంది? ‘సస్పెండ్ నుంచి లేచాక టచ్‌ప్యాడ్ స్పందించడం లేదు, గత విడుదలలో ఈ సమస్య లేదు’ అని శీర్షిక పెట్టాను. కింద ల్యాప్‌టాప్ మోడల్, కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగం) వెర్షన్, ఏం చేస్తే సమస్య వస్తుందో వరుసగా రాసి, లాగ్ జతచేశాను.

వేరే మోడల్ ల్యాప్‌టాప్ ఉన్న ఒకరు తమకూ ఇంతేనని కింద రాశారు. దాంతో ఇది నా ఒక్క మెషీన్ గొడవ కాదని రుజువైంది. తర్వాత డెవలపర్ ఒక టెస్ట్ కెర్నల్ ఇచ్చి చూడమన్నారు. వేసి, సస్పెండ్ చేసి, లేపాను. కర్సర్ కదిలింది. ఆ మాట రిపోర్ట్‌లో రాసి, కొత్త లాగ్ కూడా పెట్టాను. విడుదలకు ముందే ఆ మార్పు అప్‌డేట్‌గా అందరికీ వచ్చింది.