మొక్కల డబ్బా, ఐదో వారం: కరెంటు లెక్క కెర్నల్‌కు అప్పగించాను

డాబా మీద ఆరు కుండీలు, వాటి మట్టి తేమ కొలవడానికి నేను కడుతున్నదే ఈ డబ్బా. మిరప మూడు, టమాటా రెండు, కరివేపాకు ఒకటి. ఒక్కోదాని మట్టిలో రెండు కాళ్ల తేమ సెన్సర్ ఒకటి గుచ్చి ఉంది. ఇవి చవకరకం. వీటికి రోజంతా కరెంటు ఇస్తే తడి మట్టిలో విద్యుద్విశ్లేషణ జరిగి కాళ్లకున్న లోహపు పూత కరిగిపోతుంది. మొదటి జత నెల తిరగకుండానే నల్లబడి పోయింది. అందుకే కొలిచే క్షణంలో మాత్రమే కరెంటు ఇవ్వాలని పట్టుబట్టాను. ఐదు వారాలు పట్టిన పని అదే.

అమరిక ఇది. రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటరు, అందులో లైనక్స్ 6.6 కెర్నల్ (హార్డ్‌వేర్‌ను నడిపే మూల ప్రోగ్రాము). సెన్సర్ల తీగలు ఎంసీపీ 3208 అనే 12 బిట్ల ఏడీసీలోకి (వోల్టేజీని అంకెగా మార్చే చిప్) వెళ్తాయి, అది ఎస్పీఐ మీద ఉంది (చిప్‌లు మాట్లాడుకునే ఒక రకం తీగలు). సెన్సర్లకు కరెంటు ఇచ్చే మాస్‌ఫెట్‌ను (స్విచ్చులా పనిచేసే ట్రాన్సిస్టర్) ఒక పికో అనే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు నడుపుతుంది. ఆ పికో ఐ2సీ అనే మరో రకం తీగల మీద ఉంది. పికో మేల్కొంటే సెన్సర్లకు కరెంటు, పడుకుంటే లేదు. రెండింటికీ డ్రైవర్లు (పరికరంతో మాట్లాడే కెర్నల్ కోడ్) నేనే రాశాను. (మాస్‌ఫెట్‌ను నేరుగా పై బోర్డు జీపీఐఓ పిన్నుకు కట్టి, రెగ్యులేటర్‌గా (కెర్నల్‌కు తెలిసిన కరెంటు సరఫరాగా) ప్రకటిస్తే సగం పని తప్పేదని మిత్రుడు మొదటిరోజే అన్నాడు. నిజమే. కానీ నేర్చుకోవడానికే కదా ఈ తంటా.)

అసలు చిక్కు ఇక్కడుంది. లైనక్స్‌లో పరికరాలన్నీ ఒక చెట్టులా ఉంటాయి. పిల్ల పరికరం మేల్కొనే ముందు తల్లి పరికరం మేల్కొంటుంది. కానీ నా ఏడీసీకి తల్లి ఎస్పీఐ కంట్రోలర్, పికోకు తల్లి ఐ2సీ కంట్రోలర్. ఒకదాని రీడింగు మరొకదాని మీద ఆధారపడిందని ఆ చెట్టులో ఎక్కడా కనిపించదు.

మొదట చేత్తోనే చేశాను. ఏడీసీ డ్రైవర్ చదవబోయే ముందు పికో వాడకపు లెక్కను (ఎందరు వాడుతున్నారనే లెక్క, సున్నా అయితేనే నిద్ర) ఒకటి పెంచడం, చదివాక ఒకటి తగ్గించడం. వారం రోజులు బాగానే నడిచింది. ఒక ఉదయం డాబా ఎక్కితే పికో పక్కనున్న ఎర్ర ఎల్‌ఈడీ వెలుగుతూనే ఉంది, రాత్రంతా వెలిగిందన్నమాట. ఎస్పీఐ బదిలీ ఒకసారి విఫలమైంది. ఆ దారిలో నేను లెక్క తగ్గించకుండానే ఫంక్షన్‌లోంచి బయటికి వచ్చేశాను. లెక్క ఒకటి దగ్గర ఆగిపోయింది, ఇక పికో ఎప్పటికీ నిద్రపోదు. ఆ లైను దిద్దాను. అయినా పికో డ్రైవర్‌ను తీసేసి చూస్తే ఏడీసీ డ్రైవర్ తనకేమీ పట్టనట్టు సున్నాలు ఇస్తూ కూర్చుంది.

దీనికోసం కెర్నల్‌లో డివైస్ లింక్ అనే ఏర్పాటు ఉంది. రఫాయెల్ వైసాకీ రాసినది, 2017లో వచ్చిన 4.10లో చేరింది. ఇచ్చేది సప్లయర్, వాడుకునేది కన్స్యూమర్. ఈ రెండింటినీ ఒకసారి ముడివేస్తే కన్స్యూమర్ మేల్కొనే ముందు కెర్నలే సప్లయర్‌ను లేపుతుంది, కన్స్యూమర్ పడుకున్నాక వదిలేస్తుంది. సప్లయర్ డ్రైవర్‌ను తీసేస్తే కన్స్యూమర్ డ్రైవర్‌ను ముందుగా తనే విడదీస్తుంది. 5.13 నుంచి డివైస్ ట్రీలో (బోర్డుకు ఏమేం కట్టి ఉన్నాయో కెర్నల్‌కు చెప్పే వివరాల ఫైలు) రెగ్యులేటర్లు, క్లాకుల వంటి పరిచిత ప్రాపర్టీలు చూసి ఈ ముడులు కెర్నలే వేసుకుంటోంది. కానీ ‘పవర్-డబ్బా’ అని నేను సొంతంగా పెట్టుకున్న ప్రాపర్టీ దానికేం తెలుసు? కాబట్టి ఏడీసీ ప్రోబ్‌లో (డ్రైవర్ తన పరికరాన్ని మొదట అందుకునే ఫంక్షన్) ఆ ముడి నేనే వేయాలి. ముందు పికో పరికరాన్ని వెతకాలి. అది లేకపోయినా, దాని డ్రైవర్ ఇంకా ఎక్కకపోయినా ‘ప్రోబ్ డిఫర్’ అని వెనక్కి తిరగాలి, కెర్నల్ తర్వాత మళ్లీ పిలుస్తుంది.

ఇక్కడే రెండు సాయంత్రాలు పోయాయి. ముడి వేశాను, ఎర్రర్ ఏమీ రాలేదు, పికో మాత్రం లేవలేదు. పరికరం మేలుకుని ఉందో లేదో చూపే రన్‌టైమ్ స్టేటస్ ఫైలు ఉంటుంది, ఏడీసీ ఫైలులో ‘యాక్టివ్’, పికో ఫైలులో ‘సస్పెండెడ్’. ఏడీసీ సిస్‌ఎఫ్ఎస్ ఫోల్డరులో (పరికరాల వివరాలు కెర్నల్ ఫైళ్లుగా చూపే చోటు) ‘సప్లయర్’ అనే లింక్ ఫైలే లేదని చాలాసేపటికి గమనించాను. తప్పులు రెండు. కన్స్యూమర్ వెళ్లిపోతే ముడి తీసేయమనే ‘ఆటోరిమూవ్’ జెండా (ఫ్లాగ్), సప్లయర్ వస్తే కన్స్యూమర్‌ను తానే ఎక్కించమనే ‘ఆటోప్రోబ్’ జెండా, ఈ రెండూ కలిపి పెట్టాను. అవి కలవవు. అలా అడిగితే ముడి వేసే ఫంక్షన్ నల్ (ఖాళీ పాయింటర్) ఇస్తుంది. నేనేమో ఎర్రర్ పాయింటర్ (తప్పు సంఖ్యను దాచుకున్న పాయింటర్) కోసం చూస్తున్నాను. నల్ ఆ పరీక్షలో హాయిగా గట్టెక్కేస్తుంది. చివరికి కన్స్యూమర్‌తో పాటు సప్లయర్‌నూ లేపమనే రన్‌టైమ్ పవర్ జెండా, ఆటోరిమూవ్ జెండా మాత్రమే ఉంచి, నల్ కోసం పరీక్ష పెట్టాను. పికో డ్రైవర్‌ను తీసి మళ్లీ పెట్టినప్పుడు ఏడీసీని చేత్తో బైండ్ చేసుకోవాలి, ఫరవాలేదు.

ఇంకో విషయం మల్టీమీటర్ చెప్పింది. మొదట్లో ఏడీసీ కూడా మాస్‌ఫెట్ వెనకే ఉండేది. ఆపేశాక అక్కడ సున్నా ఉండాలి, మీటరేమో 1.9 వోల్టులు చూపించింది. 3.3 వోల్టుల దగ్గర నిలిచే చిప్ సెలెక్ట్ తీగలోంచి (ఎస్పీఐలో చిప్‌ను ఎంచే తీగ) చిప్‌లోని రక్షణ డయోడ్ గుండా కరెంటు దొంగదారిన లోపలికి వెళ్తోంది. ఏడీసీని శాశ్వత సరఫరాకు మార్చేశాను. ఊరికే ఉన్నప్పుడు అది ఒకటి రెండు మైక్రో ఆంపియర్లకు మించి తాగదు.

ఇప్పుడున్న లెక్కలు: సెన్సర్లు స్థిమితపడటానికి పికో డ్రైవర్ మేల్కొలుపులో 20 మిల్లీసెకండ్ల ఆగుదల, ఏడీసీ ఆటోసస్పెండ్ (చివరి వాడకం తర్వాత నిద్రపోయే ముందు ఆగే సమయం) 2000 మిల్లీసెకండ్లు, గంటకొక కొలత. ఆరు కుండీలూ వరుసగా చదవడం ఒకే మేల్కొలుపులో అయిపోతోంది.

మిగిలినది ఒకటే. నిన్న ఐ2సీ తీగ వదులై పికో ఒకసారి జవాబివ్వలేదు. అంతే, రెండు పరికరాల స్టేటస్ ‘ఎర్రర్’ అయి కూర్చుంది. తీగ సరిచేసినా తర్వాతి ప్రయత్నాలన్నీ మైనస్ 22 (‘చెల్లదు’ అనే ఎర్రర్ సంఖ్య) ఇచ్చాయి. ఒకసారి మేల్కొలుపు విఫలమైతే కెర్నల్ ఆ తప్పును గుర్తుపెట్టుకుంటుంది, మనం స్టేటస్‌ను సస్పెండెడ్ అని మళ్లీ చెప్పేదాకా మరచిపోదు. ముందు పికో మేల్కొలుపులోనే మూడుసార్లు ప్రయత్నించేలా మార్చాను. ఆ స్టేటస్ చెరిపే కోడ్ ఆదివారం రాయాలి, అప్పటిదాకా మిరపకు నీళ్లు వేలితో మట్టి తాకి చూసే పోస్తున్నాను.