ఎదురుచూపుకీ ఒక తేదీ

మంగళవారం, రాత్రి తొమ్మిదిన్నర.

చెప్పుకోదగ్గదేమీ జరగని రోజు. ఇంట్లో కూర్చుని రాతతో బతికేవాళ్ళకి చాలావరకు ఇలాంటి రోజులే. పొద్దున లేపేవాళ్ళుండరు, సాయంత్రం ఎంత రాశావని అడిగేవాళ్ళుండరు. అందుకే కాఫీ తాగాక మొదటి గంట ఫోను పక్క గదిలోనే ఉండాలి. మూడొందల మాటలు, బాగున్నాయా లేదా అని చూసుకోకుండా. దిద్దడం మధ్యాహ్నం పని. రెండూ ఒకే పూట పెట్టుకుంటే మొదటి పేరానే పదిసార్లు మారుతుంది, రెండోది పుట్టదు. రాత్రి ఆపేటప్పుడు తర్వాతేం రావాలో ఓ ముక్క రాసి ఉంచితే, పొద్దున తడుముకోనక్కర్లేదు.

మధ్యాహ్నం ప్రూఫు. యూనికోడ్‌లో పంపిన వ్యాసం అచ్చు పనికి వాడే ‘అను’ ఫాంటులోకి మారేటప్పుడు వత్తులు చెదురుతాయి. ‘స్త్రీ’లో రవత్తు ఎగిరిపోయి పక్క అక్షరం కిందికి చేరింది. ఒకచోట అలా చెడితే అదే కూర్పు ఉన్న ప్రతిచోటా చెడి ఉంటుంది. ముందు ఆ అక్షరాన్ని పట్టుకుని పేజీలన్నీ వెతకాలి, తర్వాతే మొదట్నుంచి పైకి చదవాలి. విసుగు పుట్టే పనే. కానీ పాఠకుడి చేతికి వెళ్ళేది ఈ పేజీయే.

ఓపిక నిజంగా కరిగేది డబ్బు దగ్గర. నోటుబుక్కులో ఐదు గళ్ళు గీసుకోవాలి: పంపిన తేదీ, అందిందన్న జవాబు, బిల్లు తేదీ, గడువు, డబ్బు పడిన తేదీ. ఎప్పటిదాకా ఆగాలో తెలిస్తే మనసు రోజూ అక్కడికి పరిగెత్తదు. గడువు ఊహించి నింపేది కాదు. ఉద్యమ్‌లో, అంటే చిన్న వ్యాపారాల ప్రభుత్వ పోర్టల్లో, నమోదైతే చట్టమే ఒక గడువిస్తుంది, నమోదుకి రుసుం లేదు. 2006 ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం పని అందాక డబ్బివ్వడానికి, రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు మించకూడదు, లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకి మూడింతల చక్రవడ్డీ. పని ఒప్పుకోకముందే నమోదు చేసుకోవడం మంచిది, పాత బిల్లుల దగ్గర పేచీలొస్తాయి. చిన్న పత్రికల మీదికి చట్టం పట్టుకెళ్ళమని కాదు, బిల్లు అడుగున గడువు ఒక వాక్యంగా ఉంటే చాలు. పాన్, ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ, మాటల లెక్క: వీటిలో ఒకటి లేకపోయినా బిల్లు వెనక్కొస్తుంది, ఎదురుచూపు మళ్ళీ మొదలు.

గడువు దాటాక ఫోన్లో “డబ్బులెప్పుడండీ” అంటే “చూద్దామండీ” అనే వస్తుంది. “బిల్లు అకౌంట్స్‌కి వెళ్ళిందాండీ?” అంటే అవునో కాదో చెప్పక తప్పదు.

గడువు గడిలో ఈ రోజు తేదీ ఎక్కడా లేదు. అడుగున రేపటి ముక్క: ‘చెరువు గట్టు దగ్గర్నుంచి’.