నకాష్ తాటికి అనుమతి వచ్చింది

ముద్ర పడిన అనుమతి కాగితం నిన్న సాయంత్రం చేతికొచ్చింది. కోపం ఇంకా చల్లారలేదు కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను.

మెక్సికోలోని క్వింటానా రూ రాష్ట్రంలో ఒక నర్సరీలో పనిచేస్తున్నాను. తీరానికి దగ్గరలో ఉన్న ప్రాచీన మాయా నాగరికతకు చెందిన ఒక చిన్న శిథిల స్థలంలో సందర్శకులకు బాట వేసి, చుట్టూ మొక్కలు పెంచాలి. నేల చదును చేసే ముందు అక్కడి అరుదైన మొక్కల లెక్క తీసి కాపాడడం నా పని. లెక్క తీయడం, నర్సరీలో నీడపందిరి వేయడం సులువుగానే అయిపోయాయి.

ఇక్కడ మొక్కకు ఒక చట్టం, దాని కింది మట్టికి మరో చట్టం. చిట్, నకాష్, కుకా అనే మూడు తాటి జాతులూ 2010 నాటి నోమ్-059 జాబితాలో, అంటే మెక్సికో ప్రభుత్వం ముప్పులో ఉన్నవని గుర్తించిన జాతుల పట్టికలో ఉన్నాయి. వాటిని ముట్టుకోవాలంటే పర్యావరణ అనుమతి కావాలి. పురాతన స్థలంలో గునపం దింపాలంటే పురాతన కట్టడాలను కాపాడే 1972 చట్టం కింద మరో అనుమతి. ఈ బల్ల దగ్గర ఆ కాగితం ముందు తెమ్మన్నారు, ఆ బల్ల దగ్గర ఈ కాగితం ముందు తెమ్మన్నారు. దాన్నయినా ఓర్చుకున్నాను.

ఓర్చుకోలేనిది స్థలం దగ్గర జరిగిన సమావేశం. గుత్తేదారు తరఫున వచ్చిన ఇంజనీరు నా పట్టిక చేత్తో పట్టుకుని, "నకాష్ అని విడిగా రాసినవన్నీ చిట్ చెట్లే, లెక్క పెంచడానికి రాశారు" అన్నాడు. నేను బదులు చెప్పబోతే, "మీ దేశంలో కొబ్బరిచెట్లు చూసుకో, మా అడవి గురించి మాకు చెప్పకు" అని అందరి ముందు అనేశాడు. ఒక్కరూ నోరెత్తలేదు. కోపంలో నాకు స్పానిష్ మాటలు అందలేదు. నేను తిరుపతివాడిని. శేషాచలం, ఆ చుట్టుపక్కల కొండల్లో తప్ప సహజంగా ఎక్కడా పెరగని సైకస్ బెడ్డోమీ అనే మొక్కను చూస్తూ చదువుకున్నాను. ఒక మొక్కకు లోకంలో ఒక్కటే చోటు మిగలడం అంటే ఏమిటో ఎవరూ నాకు నేర్పనక్కర్లేదు.

మాతో పనిచేసే మాయా జాతి పెద్దాయన మాత్రం లేచి వెళ్లి, రెండు ఆకులు కోసుకొచ్చి బల్ల మీద తిరగేసి పెట్టారు. చిట్ ఆకు అడుగు లేత పచ్చ. నకాష్ అడుగు వెండిలా మెరుస్తోంది. అప్పుడు నాకు మాట వచ్చింది. చెట్టు దగ్గరికి తీసుకెళ్లి ఆకు కాడ మొదలు చూపించాను: చిట్‌కు అది రెండుగా చీలి ఉంటుంది, నకాష్‌కు చీలదు, అల్లుకున్న పీచు మాత్రమే ఉంటుంది. చిట్ పండ్లు తెల్లన, నకాష్ పండ్లు నలుపు తిరిగిన ఊదా. చిట్ ఫ్లోరిడాలోనూ కరీబియన్ దీవుల్లోనూ ఉంది. నకాష్ మేమున్న ఈ యుకటాన్ ద్వీపకల్పం దాటి లేదు. రెంటినీ ఒకే గంపలో వేస్తే పోయేది నకాషే. ఇంజనీరు ఆకు తిప్పి చూశాడు. క్షమాపణ చెప్పలేదు, కానీ పట్టికలో నకాష్‌ను కొట్టివేయనూ లేదు.

ఆ తర్వాత పురావస్తు నిపుణురాలు ఒకరు మట్టిదిబ్బ మీది చెట్లను చూశారు. ఇక్కడ సున్నపురాయి మీద బెత్తెడు మట్టే ఉంటుంది, వేర్లు రాతి పగుళ్లలోకి దిగుతాయి. చెట్టును పెకిలిస్తే కింద ఉన్న పాత గోడ కదులుతుంది. అందుకని చెట్లను వదిలేసి బాటనే పక్కకు జరిపించారు. అంత తెలివైన మాట ఈ వ్యవహారం మొత్తంలో నేను మరొకటి వినలేదు.

నేను సాధించింది ఇంకొకటి ఉంది. నాటాల్సిన జాబితాలో ఫిలిప్పీన్స్ జాతి అడోనిడియా తాటిచెట్లు ఉన్నాయి. ఈ తీరంలో కొబ్బరితోటలను తుడిచిపెట్టిన పసుపు తెగులు వాటికీ సోకుతుంది. పట్టుబట్టి కొట్టివేయించాను.

ఇలాంటి పనికి దిగేవారు నోటిమాట ఎవరిదీ నమ్మకండి. ఇచ్చిన ప్రతి కాగితానికీ అందినట్టు ముద్ర వేసిన నకలు అడిగి తీసుకోండి. ఆకుల అడుగుభాగం ఫొటోలు పట్టికకు జతచేయండి. ఇంజనీర్లతో వాదించేటప్పుడు ఊరి పెద్దలెవరినైనా వెంట ఉంచుకోండి.

బాటకు అడ్డంగా ఉన్న చిన్న మొక్కలను వానలు మొదలవగానే తవ్వి తేవాలి. నిపుణురాలు పక్కన ఉంటే తప్ప పార వేయకూడదు. ఇందాకే ఆమెకు ఫోను చేశాను, రాత్రికి తేదీ చెబుతానన్నారు.