పటం చదివించుకున్న జనరల్

మన టీచర్ ట్రైనింగ్‌లో సోషల్ మెథడ్స్ చెప్పిన సారు, పటాల పాఠం రాగానే చైనా జనరల్ షియావ్ కే కథ ఎత్తుకునేవారు. మా బ్యాచ్‌లో ఆ పేరు మరిచిపోయినవాళ్లు ఉండరనుకుంటాను. సారు చెప్పింది ఒక్క రాత్రి సంగతే. మిగతాది నేను తర్వాత వెతుక్కుని చదువుకున్నాను.

1934 అక్టోబరు. నైరుతి చైనాలోని గ్వెయ్‌జౌ కొండల్లో ఎర్రసైన్యం, అంటే చైనా కమ్యూనిస్టుల సైన్యం, దళమొకటి దారి వెతుక్కుంటోంది. నాయకుడు షియావ్ కేకి 27 ఏళ్లు. చేతిలో ఉన్నది హైస్కూలు పిల్లల అట్లాసు. పెద్ద ఊళ్లు, పెద్ద నదులు, పెద్ద కొండలు తప్ప అందులో ఏమీ లేవు. ఏ వాగు ఎక్కడ దాటాలో అది చూసి ఎవరు చెప్పగలరు? ఒక ఊరి చర్చిలో దాదాపు చదరపు మీటరు పటం దొరికింది. అన్ని వివరాలూ ఉన్నాయి, కానీ ఫ్రెంచిలో. వాళ్ల దగ్గర బందీగా ఉన్న స్విస్ మిషనరీ ఆల్ఫ్రెడ్ బాస్‌హార్ట్‌కి ఆ భాష వచ్చు. లాంతరు వెలుగులో ఆయన ఒక్కో పేరూ చదివి చెబుతుంటే, షియావ్ కే పక్కన కూర్చుని చైనీస్‌లో రాసుకున్నారు.

ఆ మిషనరీని డబ్బు కోసం పట్టుకుని 18 నెలలు వెంట తిప్పుకోవడాన్ని నేను సమర్థించలేను. అయితే షియావ్ కే ఆయన్ని మరిచిపోలేదు. 1980ల్లో ఆచూకీ తీయించి ఇంగ్లండ్‌కి ఉత్తరం రాశారు. ఆ బందీ జ్ఞాపకాలు చైనీస్‌లో వచ్చినప్పుడు ముందుమాట కూడా ఆయనే రాశారు.

1907లో హునాన్‌లో పుట్టిన ఈయన సైన్యంలోకి వెళ్లకముందు చదివింది మనలాగే టీచర్ ట్రైనింగ్! ఆ సంగతి తెలిసిన రోజు నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ప్రభుత్వ సేనల నుంచి తప్పించుకుంటూ ఎర్రసైన్యం వేల మైళ్లు నడిచిన లాంగ్ మార్చ్‌లో గడ్డి మైదానాలు దాటుతుండగా ఆయన భార్య జియాన్ షియాన్‌ఫో ఓ మట్టికోటలో బిడ్డను కన్నారు. 1955లో జనరల్ హోదా వచ్చింది. సైనిక శిక్షణ ఒక పద్ధతి ప్రకారం సాగాలని పట్టుబట్టినందుకు 1958లో పిడివాది అని ముద్ర వేసి, వ్యవసాయ భూముల శాఖకు పంపేశారు. 1966లో మావో మొదలుపెట్టిన సాంస్కృతిక విప్లవంలో మళ్లీ కష్టాలే. 1972లో సైనిక విద్యాలయానికి అధిపతిగా, అంటే తిరిగి చదువు చెప్పే చోటికే వచ్చారు. యుద్ధకాలంలో మొదలుపెట్టిన నవల 1988కి గానీ అచ్చు కాలేదు.

నా దృష్టిలో ఆయన అన్నిటికన్నా పెద్ద పని చేసింది రిటైరయ్యాకే. 1989 మేలో, బీజింగ్‌లో విద్యార్థులు ప్రజాస్వామ్యం కోసం నిరసన చేస్తుంటే ప్రభుత్వం సైన్యాన్ని దింపబోయినప్పుడు, 81 ఏళ్ల వయసులో, మరో ఆరుగురు మాజీ సేనానులతో కలిసి ఉత్తరం రాశారు. సైన్యం ప్రజలది, అది బీజింగ్‌లోకి రాకూడదు, జనం మీద కాల్పులు జరపకూడదు అన్నారు. ఎవరూ వినలేదు. జూన్ 3 రాత్రి ట్యాంకులు రానే వచ్చాయి. 2008లో, 101 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు. నేను పిల్లలకు లాంగ్ మార్చ్ చెప్పినప్పుడల్లా ఆ ఉత్తరం గురించి కూడా చెబుతాను, టైం చాలకపోతే మర్నాటి పీరియడ్‌లోనైనా సరే.