ఆకలి తగ్గించే మందులు, అడగవలసిన ప్రశ్నలు

ఆకలిని అణచే మందుల చరిత్ర తెలిసినవారెవరూ వాటి విషయంలో తొందరపడరు. గుండె కవాటాలను దెబ్బతీస్తోందని ఫెన్‌ఫ్లూరమైన్‌ను 1997లో, గుండెపోటు, పక్షవాతం ముప్పును పెంచుతోందని సిబుట్రమైన్‌ను 2010లో అమెరికాలో మార్కెట్ నుంచి తొలగించారు.

2025లో బరువు తగ్గించే ఇంజెక్షన్ వెగోవీ మన దేశానికి వచ్చినప్పటి నుంచి మా బంధువులు నన్ను అడుగుతున్నది ఒక్కటే: ఎన్ని కిలోలు తగ్గుతాం? పెళ్లి ముహూర్తం దగ్గరపడినవారికైతే మరీ ఆత్రం. నిజానికి ముందుగా అడగవలసింది, ఈ మందు నాకు సరిపడుతుందా అని. అందులోని అసలు మందైన సెమాగ్లుటైడ్‌ను వారానికొకసారి 0.25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, సాధారణంగా నాలుగేసి వారాలకు మోతాదు పెంచుతారు. వికారం, వాంతులు భరించదగినంతలో ఉండాలంటే ఆ నిదానం తప్పదు. కుటుంబంలో మెడ్యులరీ థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నా, గతంలో క్లోమం వాచినా, గర్భం దాల్చే ఆలోచన ఉన్నా వైద్యుడికి ముందే చెప్పాలి. ఇన్సులిన్ వాడేవారికి చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు కాబట్టి, ఇన్సులిన్ మోతాదును వైద్యుడే సవరించవలసి ఉంటుంది. వెన్నులోకి పాకే తీవ్రమైన కడుపునొప్పి వస్తే తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ఆకలి లేదని పప్పు, గుడ్డు, పెరుగు మానేస్తే కొవ్వుతోపాటు కండ కూడా ఎక్కువగా కరుగుతుంది. మందు ఆపాక బరువు చాలావరకు తిరిగి వస్తుంది కనుక, ఎప్పుడు, ఎలా ఆపాలన్నది మొదటి చీటీ రాయించుకునే రోజే మాట్లాడుకోవాలి.