చక్రం గాల్లో తిరుగుతుంటే: డిఫ్ లాక్ వాడకం

జీపు ఫోర్ బై ఫోర్‌లో, అంటే నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం వెళ్లేలా ఉంది. ముందు ఎడమ చక్రం గాల్లో లేచింది, వెనక కుడి చక్రం కూడా. యాక్సిలరేటర్ తొక్కితే ఆ రెండే గిర్రున తిరుగుతాయి, నేల మీదున్నవి కదలవు. ట్రాన్స్‌ఫర్ కేసు చేసేది ముందు, వెనక యాక్సిళ్లను కలపడం వరకే. ఒక్కో యాక్సిల్‌లో కుడి ఎడమల పంపకం డిఫరెన్షియల్ చేతిలో ఉంటుంది.

ఆ డిఫరెన్షియల్ లేకుండా సాఫీగా మలుపు తిరగలేం. కుడి ఎడమ చక్రాల మధ్య 1.5 మీటర్ల దూరముంటే, ఒక పూర్తి చుట్టుకు బయటి చక్రం లోపలిదానికంటే సుమారు 9.4 మీటర్లు ఎక్కువ నడవాలి. చుట్టు చిన్నదైనా పెద్దదైనా ఈ తేడా మారదు. డిఫరెన్షియల్ లోపలి స్పైడర్ గేర్లు ఈ తేడాను సర్దుతాయి. అయితే అవి వేగాన్ని వేరు చేయగలవు కానీ టార్క్‌ను, అంటే చక్రాన్ని తిప్పే బలాన్ని, రెండు వైపులా దాదాపు సమానంగానే పంచుతాయి. చిక్కంతా ఇక్కడే. బురదలో చక్రం 150 న్యూటన్ మీటర్లకే జారిపోతే, గట్టి నేల మీదున్న రెండో చక్రానికీ అంతే అందుతుంది. ఇంజన్ ఎంత పెద్దదైనా ఒకటే.

డిఫ్ లాక్ (డిఫరెన్షియల్ లాక్) చేసే పని చిన్నదే: పళ్ల కాలర్‌తో ఒక సైడ్ గేరును (యాక్సిల్ షాఫ్టును తిప్పే గేరును) డిఫరెన్షియల్ కేసుకు బిగిస్తుంది. ఇక రెండు యాక్సిల్ షాఫ్టులూ ఒకే వేగంతో తిరగాల్సిందే, పట్టున్న చక్రానికి ఎంత కావాలంటే అంత టార్క్ వెళ్తుంది. షాఫ్టులు విరిగేదీ అందుకే. రెండు షాఫ్టులు మోయాల్సిన బరువు ఒక్కోసారి ఒక్కదాని మీదే పడుతుంది.

ఫోర్స్ గూర్ఖా జీపులో ముందు, వెనక రెండిటికీ చేత్తో వేసే లాక్‌లున్నాయి. మారుతి జిమ్నీలో లాక్ లేదు, జారే చక్రానికి కంప్యూటర్ బ్రేకు వేస్తుంది. ఇది కొత్త విద్యేమీ కాదు. దమ్ము చేసేటప్పుడు ట్రాక్టర్ కుడి చక్రం జారితే రైతు కుడి బ్రేకు ఒక్కటే అదుముతాడు, ఆ ఒత్తిడికి ఎడమ చక్రానికీ టార్క్ పెరుగుతుంది. బ్రేకుతో నడిచే ఈ పద్ధతి కాసేపటికి బాగానే ఉంటుంది, ఎక్కువసేపు వాడితే బ్రేకులు వేడెక్కుతాయి. పైగా చక్రం జారాకే పని మొదలవుతుంది.

చేత్తో వేసే లాక్‌ను అడ్డంకికి ముందే, బండి ఆగినప్పుడో నడక వేగంలోనో వేయాలి. చక్రం గిరగిరా తిరుగుతుండగా వేస్తే కాలర్ పళ్లు చిట్లుతాయి. మొదట ‘ఫోర్ లో’ (4L, నెమ్మదిగా, ఎక్కువ బలంతో నడిపే ఫోర్ బై ఫోర్ గేరు), తర్వాత వెనక లాక్. చాలా సందర్భాల్లో ఇది చాలు. డాష్‌బోర్డులో లాక్ దీపం మినుకుతోందంటే పళ్లు ఇంకా ఎదురుపడలేదు. ఒక మీటరు ముందుకు పోనిచ్చి స్టీరింగ్ కొద్దిగా అటూ ఇటూ తిప్పితే కూర్చుంటుంది. ముందు లాక్ ఆఖరి అస్త్రం. అది పడ్డాక స్టీరింగ్ రాయిలా బిగుస్తుంది, బండి తిన్నగానే పోతానంటుంది. ఆ స్థితిలో స్టీరింగ్ పూర్తిగా తిప్పి యాక్సిలరేటర్ తొక్కితే ముందుగా పోయేది సీవీ జాయింటే (ముందు చక్రాన్ని తిప్పే షాఫ్టు కీలు).

మహీంద్రా థార్ కొన్ని వేరియంట్లలో వెనక ఉండే మెకానికల్ లాక్‌కు మీట లేదు. రెండు చక్రాల వేగంలో తేడా నిమిషానికి సుమారు 100 చుట్లు దాటితే తనే పడుతుంది. చాలామంది చక్రం జారగానే భయపడి కాలు తీసేస్తారు, దాంతో లాక్‌కు అవకాశమే రాదు. కాలు అదరకుండా పట్టి ఉంచండి, ఠక్కున శబ్దం వస్తుంది, బండి కదులుతుంది. శబ్దం రాకముందే ఇంజన్‌ను అరిపిస్తే మాత్రం దెబ్బంతా గేర్లకే.

లాక్ వేయకూడని చోట్లు ఎక్కువమందికి తెలియవు. పక్కవాలు బురద అందులో మొదటిది. లాక్ లేనప్పుడు ఒక చక్రం జారినా రెండోది నేలను పట్టి బండిని నిలబెడుతుంది. లాక్ వేస్తే రెండూ కలిసి జారి వెనక భాగం లోయ వైపు దిగిపోతుంది. తారు రోడ్డు మీద అసలొద్దు. ఇసుకలో లాక్ కంటే ముందు టైర్లలో గాలి 32 నుంచి 16 పీఎస్‌ఐ దాకా తగ్గించండి. సగం సమస్య అక్కడే తీరుతుంది, బయటికొచ్చాక మళ్లీ నింపుకోవాలి.

ట్రాక్టర్ వాళ్లకు ఒక మాట. గట్టు దగ్గర తిప్పేముందు లాక్ పెడల్ మీంచి కాలు తీయాల్సిందే. చక్రాలు లోతుగా దిగబడ్డప్పుడు లాక్ నొక్కి క్లచ్ ఒక్కసారిగా వదిలితే ముక్కు లేచి ట్రాక్టర్ వెనక్కి తిరగబడగలదు. వెనక్కి మెల్లగా రావడం, అదీ కాకపోతే ఇంకో బండితో ముందు నుంచి లాగించడం మేలు.

అడ్డంకి దాటగానే లాక్ తీయండి. మీట వెనక్కి వేసినా దీపం ఆరకపోతే షాఫ్టులు మెలిపడి పళ్లను బిగపట్టి ఉంచాయన్నమాట. మీటతో కుస్తీ పట్టొద్దు. కాలు తీసి, రివర్స్‌లో రెండు మీటర్లు తిన్నగా రండి, వదులుతుంది.